సముద్రపు మట్టి, పాత వాతావరణం: ఏ పోస్ట్‌డాక్ తీసుకోవాలి?

సముద్రపు మట్టి నుంచి పాత వాతావరణాన్ని చదివే రంగంలో పీహెచ్‌డీ చివరికొచ్చేసరికి చేతిలో రెండు మూడు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) అవకాశాలు ఉండి, ఏది తీసుకోవాలో తేల్చుకోలేక టెన్షన్ పడేవాళ్లు అడిగినప్పుడల్లా నేను ముందు తిరిగి అడిగేది ఒక్కటే. కోర్, అంటే సముద్రగర్భంలోంచి గొట్టంతో నిలువుగా తీసే మట్టి స్తంభం, ఇప్పుడు ఎక్కడుంది? ప్రొఫెసర్ ఎవరు, యూనివర్సిటీ ఏది, జీతం ఎంత అన్నవి తర్వాత మాట్లాడుకోవచ్చు. మీరు రెండేళ్లు పని చెయ్యబోయే మట్టి ఇప్పటికే ఏదో ఒక కోల్డ్ రూమ్‌లో ఉందా, ఇంకా మూడు వేల మీటర్ల నీళ్ల కిందే ఉందా అన్నది తెలిస్తే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఈ రంగంలో ప్రకటనలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. సముద్ర అవక్షేపాల రసాయనం ద్వారా గత వాతావరణాన్ని అర్థం చేసుకోవడం అని రాస్తారు, ఆ ఒక్క వాక్యం కింద నాలుగు వేర్వేరు ఉద్యోగాలు ఉంటాయి. ఎప్పుడో తీసి దాచిన కోర్ల మీద కొలతలు చెయ్యడం ఒకటి. కొత్తగా ఓడ మీద వెళ్లి కోర్లు తీసుకొచ్చి వాటి మీద పని చెయ్యడం రెండోది. ఇవాళ్టి సముద్రగర్భంలో, పై అరమీటరు మట్టిలో జరుగుతున్న రసాయన చర్యల్ని పట్టుకోవడం మూడోది. అందరూ ఇప్పటికే ప్రచురించిన డేటాని ఒకచోట చేర్చి మోడల్‌తో పోల్చడం నాలుగోది. వీటిలో మీ ఆఫర్ ఏదో ప్రకటన చదివితే తెలియదు, అడిగితేనే తెలుస్తుంది.

ఓడ ఉన్నది, ఓడ లేనిది

ఓడ ప్రయాణం ఉన్న పోస్ట్ అనగానే మనసు అటే లాగుతుంది, అది సహజం. రాత్రి రెండు గంటలకి డెక్ మీదకి కోర్ వచ్చినప్పుడు చుట్టూ నిలబడ్డవాళ్ల ఉత్సాహం ఏ ల్యాబ్‌లోనూ దొరకదు, రెండు నెలలు కలిసి షిఫ్టులు చేసినవాళ్లు తర్వాత ఏళ్ల తరబడి కలిసి పేపర్లు రాస్తారు. కానీ కాంట్రాక్టు రెండేళ్లే అయితే ఆ ఓడ ఎన్నో నెలలో బయల్దేరుతుందో తేల్చుకోకుండా సంతకం పెట్టకండి. వేరే దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే దాని తీరం వెంబడి ఆ దేశానికే హక్కులుండే సముద్రంలో, పరిశోధన చెయ్యాలంటే ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం కనీసం 6 నెలల ముందు ఆ దేశానికి వివరాలన్నీ పంపి అనుమతి కోరాలి. ఆ అనుమతి రాలేదంటే స్టేషన్లు, అంటే కోర్లు తీసే చోట్లు, మార్చాలి, ఒక్కోసారి ప్రయాణమే మారిపోతుంది. ప్రయాణం 14వ నెలలో అనుకుందాం. కోర్లు ఒడ్డుకి చేరి, కోసి, ఫొటోలు తీసి, స్కాన్ చేసి, శాంపిల్స్ పంచుకునేసరికి 18వ నెల అవుతుంది. మిగిలిన ఆరు నెలల్లో కొలతలు, వయసు నిర్ధారణ, పేపర్ అన్నీ అవుతాయని ఎవరన్నా చెబితే నమ్మకండి.

పైగా లోతైన సముద్ర డ్రిల్లింగ్ పరిస్థితి ఈమధ్య బాగా మారింది. దశాబ్దాల పాటు ఈ రంగానికి కోర్లు అందించిన జాయిడిస్ రిజల్యూషన్ ఓడ 2024లో తన చివరి ఎక్స్‌పెడిషన్ పూర్తి చేసింది, ఆ ఏడాదే ఐఓడీపీ అనే అంతర్జాతీయ సముద్ర డ్రిల్లింగ్ కార్యక్రమం కూడా ముగిసింది. 2025 జనవరి నుంచి యూరప్ దేశాల కూటమి, జపాన్ కలిసి కొత్త కార్యక్రమం నడుపుతున్నాయి. అందువల్ల రాబోయే కొన్నేళ్లు పాత కోర్ల విలువ పెరుగుతుంది. జర్మనీలోని బ్రెమెన్, జపాన్‌లోని కోచి, అమెరికాలోని కాలేజ్ స్టేషన్ గిడ్డంగుల్లో 1968 నుంచి తీసిన కోర్లు భద్రంగా ఉన్నాయి. కొత్త కార్యక్రమంలో కేవలం ఈ నిల్వ కోర్ల మీదే చేసే ప్రాజెక్టులకి ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు. నిల్వ కోర్ల మీద పోస్ట్ అంటే తక్కువ రకం అవకాశం అనుకునే రోజులు పోయాయి. రెండేళ్ల కాంట్రాక్టుకి నేనైతే దాన్నే ముందు పెడతాను.

అయితే ఇందులోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. కోర్‌ని నిలువుగా రెండు సగాలుగా కోస్తారు, ఒకటి నిల్వ సగం, దాన్ని ముట్టుకోనివ్వరు. శాంపిల్స్ రెండో సగం నుంచే ఇస్తారు. అందరికీ ఆసక్తి ఉన్న కాలాల దగ్గర, అంటే హిమయుగం ముగిసిన ఘట్టం లాంటి చోట్ల, ఆ సగాన్ని ఇప్పటికే చాలామంది తవ్వేసి ఉంటారు. శాంపిల్ రిక్వెస్ట్ ఆమోదం అయిందా, ఎన్ని గ్రాములు వస్తాయి అని అడగండి. ఇంకోటి, కొన్ని రసాయనాలు నిల్వలో పాడవుతాయి. 4 డిగ్రీల చలిలో పెట్టినా గాలి తగిలిన మట్టిలో సల్ఫైడ్లు ఆక్సీకరణం చెందుతాయి, ఆ ఆమ్లానికి సూక్ష్మజీవుల సున్నపు గుల్లలు కూడా కొంత కరుగుతాయి, జిప్సం స్ఫటికాలు ఏర్పడతాయి. పోర్ వాటర్, అంటే మట్టి రేణువుల మధ్య ఉండే నీరు, అయితే అసలు మిగలదు. కాబట్టి ఇనుము రూపాలు, రెడాక్స్ లోహాల (ఆక్సిజన్ ఉందా లేదా అన్నదాన్నిబట్టి రూపం మారేవి) మీద పని అంటున్న ప్రాజెక్టు ఇరవై ఏళ్ల నాటి కోర్ మీద ఆధారపడి ఉంటే, దీనికి మీరేం సమాధానం చెబుతారని ఇంటర్వ్యూలో మర్యాదగానే అడగొచ్చు. మంచి సూపర్‌వైజర్ ఆ ప్రశ్నకి సంతోషిస్తారు.

ఒక చిన్న లెక్క, తప్పకుండా వెయ్యండి

రెండు ఆఫర్లని పోల్చడానికి ఇంతకంటే పనికొచ్చే లెక్క నాకు తెలియదు. ఆ చోట మట్టి వెయ్యేళ్లకి ఎన్ని సెంటీమీటర్లు పేరుకుంటుందో కనుక్కోండి. నడిసముద్రంలో చాలా చోట్ల ఇది రెండు మూడు సెంటీమీటర్లే. సముద్రగర్భంలో పురుగులు, ఇతర జీవులు పైన సుమారు 10 సెంటీమీటర్ల మట్టిని నిరంతరం కలియదున్నుతుంటాయి. వెయ్యేళ్లకి 2 సెంటీమీటర్లు పేరుకునే చోట ఆ 10 సెంటీమీటర్లు అంటే 5,000 ఏళ్లు కలగాపులగం అయిపోయినట్టు. ఇప్పుడు యంగర్ డ్రైయస్ అనే చల్లటి దశని తీసుకోండి, సుమారు 12,900 ఏళ్ల కిందట మొదలై 11,700 ఏళ్ల కిందట ముగిసింది. ఈ కోర్‌లో దాని మందం రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు, అదీ 10 సెంటీమీటర్ల కలగలుపులో. అలాంటి కోర్ చూపించి ఆకస్మిక వాతావరణ మార్పులని అధ్యయనం చేస్తాం అంటే ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా లాభం లేదు. అదే కోర్ లక్ష ఏళ్ల హిమయుగ చక్రాలకి చక్కగా సరిపోతుంది, కాబట్టి కోర్ మంచిదా చెడ్డదా అన్న మాట కాదిది, ప్రశ్నకీ కోర్‌కీ పొత్తు కుదిరిందా అన్న మాట.

దానికి ఎదురు చివర అట్లాంటిక్‌లోని బెర్ముడా రైజ్ లాంటివి ఉంటాయి, అక్కడ లోతు ప్రవాహాలు మట్టిని తెచ్చి కుప్పపోస్తాయి, వెయ్యేళ్లకి పదుల సెంటీమీటర్లు పేరుకుంటుంది. వెనిజులా తీరం దగ్గరి కరియాకో బేసిన్‌లో అడుగున ఆక్సిజన్ ఉండదు కనక దున్నే పురుగులే లేవు, ఏడాదికొకటిగా ఏర్పడ్డ పొరలు అలాగే నిలిచి ఉన్నాయి. కానీ ఇలాంటి చోట్ల కూడా ఒక తిరకాసుంది. ప్రవాహం తెచ్చిపోసిన సన్నటి మట్టి వేరే చోట నుంచి వచ్చినది, అందులోని ఆల్కీనోన్ అణువులు (నాచు తయారుచేసేవి, వీటితో పాత నీటి ఉష్ణోగ్రత కడతారు) అక్కడి గుల్లల కంటే వేల ఏళ్లు పాతవి కావచ్చు. ఒకే సెంటీమీటర్ నుంచి తీసిన రెండు కొలతలు రెండు వేర్వేరు కాలాల కథ చెబుతాయన్నమాట.

వయసు లెక్క ఎవరు చేస్తారన్నది కూడా ఇక్కడే అడిగెయ్యండి. రేడియో కార్బన్ సుమారు 50,000 ఏళ్ల దాకానే పనిచేస్తుంది, దానికి తోడు సముద్రపు నీటి సొంత వయసుని (నీటిలోని కార్బన్ ముందే పాతది కనక కలిసే అదనపు ఏళ్లని) ఎంత తీసెయ్యాలన్న తలనొప్పి ఒకటి, అది దక్షిణ మహాసముద్రంలో మరీ ఎక్కువ. అంతకంటే పాత కోర్లని అడుగున బతికే ఫొరామినిఫెరా (సున్నపు గుల్లలు కట్టుకునే ఏకకణ జీవులు) ఆక్సిజన్ ఐసోటోపులతో, 57 రికార్డులు కలిపి 2005లో తయారుచేసిన ప్రామాణిక వక్రరేఖతో పోల్చి వయసు కడతారు. ఈ పని ఇప్పటికే అయిపోయిన కోర్ దొరికితే మీకు కనీసం ఆరు నెలలు మిగిలినట్టే. కాలేదంటే, రేడియో కార్బన్ కొలతలకి బడ్జెట్ ఉందా, ఎన్ని పాయింట్లకి ఉంది అన్నది లిఖితపూర్వకంగా తెలుసుకోండి. వయసు తేలని రికార్డు ఎంత అందంగా ఉన్నా ఎవరూ ప్రచురించరు.

యంత్రం, చేతిపని

కొలిచే పద్ధతి పేరు చూసి మోజుపడటం మనందరికీ ఉంది. బోరాన్ ఐసోటోపులతో పాత సముద్రపు పీహెచ్, దాన్నుంచి కార్బన్ డయాక్సైడ్ అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ ఒక్క అంకె వెనక ఏముందో దగ్గర్నుంచి చూడండి. మట్టిని జల్లెడ పట్టి, 250 నుంచి 355 మైక్రాన్ల మధ్య ఉన్న రేణువుల్ని ఒక చిన్న నల్లటి పళ్లెంలో పరిచి, మైక్రోస్కోప్ కింద తడి కుంచె కొనతో ఒకే జాతి గుల్లల్ని ఒక్కొక్కటిగా ఏరాలి. బోరాన్‌కి చాలా సందర్భాల్లో ఒక్కో శాంపిల్‌కి వంద, రెండొందల గుల్లలు కావాలి. ఏరినవాటిని రెండు గాజు పలకల మధ్య మెల్లగా చిట్లించి, నీళ్లతో, మిథనాల్‌తో పదేపదే కడిగి, బంకమట్టి పోగొట్టి, సేంద్రియ పదార్థాన్ని తీసేసి, అప్పుడు కరిగించాలి. గుల్లలు తక్కువున్న కోర్‌లో ఒక్క శాంపిల్‌కి ఒక రోజంతా ఏరుడే సరిపోతుంది. 150 శాంపిల్స్ అనుకుంటే ఏడు నెలల పనిదినాలు అక్కడే పోయాయి. ఏరడానికి సహాయకులు ఉన్నారా అన్న ప్రశ్న చిన్నదేం కాదు.

మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తితో ఉష్ణోగ్రత చూసే పద్ధతికి గుల్లలు కొన్ని పదులు చాలు, యంత్రం కూడా చాలా చోట్ల ఉంటుంది. ఒక డిగ్రీ మారితే నిష్పత్తి సుమారు 9 శాతం మారుతుంది. కడిగే విధానం మార్చినా దాదాపు అంత తేడా రావచ్చు, అంటే కడగడంలోనే ఒక డిగ్రీ పోవచ్చు. అందుకే ఆ ల్యాబ్ ఏ పద్ధతిలో కడుగుతుంది, వేరే ల్యాబులతో ఎప్పుడు పోల్చి చూసుకుంది అని అడగాలి. లోతైన, సున్నం కరిగే చోటి కోర్ అయితే మెగ్నీషియం ముందు కరిగి పోతుంది, ఉష్ణోగ్రత ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆల్కీనోన్లు వేడి సముద్రాల్లో 28, 29 డిగ్రీల దగ్గరే పరిమితికి చేరి ఇంక కదలవు. ప్రతి ప్రాక్సీకి, అంటే పాత వాతావరణాన్ని పరోక్షంగా చెప్పే ప్రతి కొలతకి, ఇలాంటి గోడ ఒకటి ఉంటుంది, మీ ఆఫర్‌లో ఉన్న చోటు ఆ గోడకి ఎటువైపు ఉందో చూసుకోండి.

యంత్రం క్యూ గురించి ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. ప్రొటాక్టినియం 231, థోరియం 230 నిష్పత్తి లోతు సముద్ర ప్రవాహం వేగానికి గుర్తు. సముద్రపు నీటిలో యురేనియం నుంచి ఇవి 0.093 నిష్పత్తిలో పుడతాయి, ప్రవాహం బలంగా ఉంటే ప్రొటాక్టినియం కొంత కొట్టుకుపోయి అక్కడి మట్టిలో ఈ నిష్పత్తి తగ్గుతుంది. సుమారు 17,500 ఏళ్ల కిందట బెర్ముడా రైజ్ మట్టిలో ఈ నిష్పత్తి ఆ అంకె దగ్గరికి చేరిందని 2004లో వచ్చిన ఫలితం, అట్లాంటిక్ ప్రవాహం అప్పట్లో దాదాపు ఆగిపోయిందన్న వాదనకి పెద్ద ఆధారమైంది. ఎంతో ఆకర్షణీయమైన పని. కానీ దీన్ని కొలవడానికి శాంపిల్‌లో కొలబద్దగా కలిపే ప్రొటాక్టినియం 233 అర్ధాయుష్షు 27 రోజులే. దాన్ని నెప్ట్యూనియం నుంచి తాజాగా తీసుకోవాలి, క్రమాంకనం చెయ్యాలి, శాంపిల్స్‌లో కలపాలి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగించాలి, కాలమ్‌ల మీద బొట్టుబొట్టుగా వేరుచెయ్యాలి, అంతా అయ్యి వెంటనే ఐసోటోపుల్ని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గర చోటు దొరకాలి. రెండు నెలలు ఆలస్యమైతే కలిపినదాంట్లో పావు వంతే మిగులుతుంది, క్షీణించినది యురేనియం 233గా మారి కొలతకే అడ్డొస్తుంది. అలాంటి ల్యాబ్‌లో యంత్రం పోయిన ఏడాది ఎన్ని వారాలు ఆగిపోయింది, దాన్ని చూసుకునే టెక్నీషియన్ శాశ్వత ఉద్యోగా, కాంట్రాక్టా అన్నవి పేపర్ల సంఖ్య కంటే ముఖ్యం. సొంత యంత్రం లేని చిన్న బృందమైనా సరే, వేరే ల్యాబ్‌లో నెలకి ఇన్ని రోజులని ఖాయంగా రాయించుకున్నది ఉంటే, పెద్ద ల్యాబ్‌లో పదిమంది వెనక నిలబడటం కంటే అదే నయం.

రికార్డు వైపా, ప్రక్రియ వైపా

ఇది నాకు బాగా ఇష్టమైన విషయం, అందుకే కొంచెం పక్షపాతంగానే చెబుతాను. మీ పీహెచ్‌డీ పాత రికార్డుల మీద అయితే, ఇవాళ్టి మట్టిలో జరిగే ప్రక్రియల మీద పోస్ట్‌డాక్ వస్తే వదలకండి. మల్టీకోరర్ అనే కోర్లు తీసే పరికరంతో పై పొర చెదరకుండా తీసి, సన్నటి రైజాన్ గొట్టాలు గుచ్చి పోర్ వాటర్ లాగి, నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్ లోతుతో ఎలా మారుతున్నాయో గీసి చూసినవాళ్లకి పాత రికార్డు చదివే కన్నే మారిపోతుంది. ఉదాహరణకి బేరైట్, అంటే బేరియం సల్ఫేట్ ఖనిజం. పాత కాలపు జీవ ఉత్పత్తికి దాన్ని గుర్తుగా వాడతాం. కానీ కింద సల్ఫేట్ అంతా ఖర్చయిపోయిన లోతులో బేరైట్ కరిగిపోతుంది, బేరియం పైకి వచ్చి సల్ఫేట్ తగిలిన చోట మళ్లీ గడ్డకడుతుంది. ఆ శిఖరాన్ని చూసి ఆ కాలంలో సముద్రం పచ్చగా ఉందని రాసేస్తే తప్పు. యురేనియం కూడా అంతే, ఆక్సిజన్ లేనప్పుడు మట్టిలో చేరుతుంది, తర్వాత ఆక్సిజన్ తిరిగొస్తే పైనుంచి కరిగి కిందకి జారుతుంది. ఇవి పుస్తకంలో చదివి తెలుసుకోవడం వేరు, మీ చేతిలోని కోర్‌లో చూడటం వేరు.

మీ పీహెచ్‌డీ ప్రక్రియల మీదే అయితే లెక్క తిరగబడుతుంది, రికార్డు వైపు వెళ్లండి. ఏదైనా ఒకటే మార్చండి. కొత్త పద్ధతి, కొత్త కాలం, కొత్త సముద్రం మూడూ ఒకేసారి పెట్టుకుంటే మొదటి ఏడాది నేర్చుకోవడానికే పోతుంది, రెండో ఏడాది మధ్యలో తర్వాతి ఉద్యోగానికి దరఖాస్తులు మొదలెట్టాలి.

డేటా, మోడల్ పోస్టుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. యంత్రం చెడిపోయే భయం లేదు, పాంగియా లాంటి డేటాబేస్‌లలో రికార్డులు సిద్ధంగా ఉన్నాయి, ఇంట్లో చిన్న పిల్లలున్నవాళ్లకి, క్లీన్ ల్యాబ్‌లో ఆమ్లాల మధ్య గంటలు గడపలేని స్థితిలో ఉన్నవాళ్లకి చాలా మంచి దారి. ముందుముందు సొంత ల్యాబ్ పెట్టాలన్న ఆలోచన ఉంటే మాత్రం వరసగా రెండుసార్లు ఇవే చెయ్యకండి, చేత్తో కొలిచే పని మీద పట్టు సడలుతుంది, నియామక కమిటీ దాన్ని గమనిస్తుంది.

సొంత ఫెలోషిప్పా, ప్రాజెక్టు జీతమా

ప్రాజెక్టు పోస్ట్‌లో డబ్బు, కోర్, ప్రశ్న అన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి, స్వేచ్ఛ తక్కువ. ఫెలోషిప్‌లో ప్రశ్న మీది, కానీ కొలతల ఖర్చుకి ఇచ్చేది తరచుగా సరిపోదు, ఆతిథ్య ల్యాబ్ దయ మీద ఆధారపడాలి. మేరీ క్యూరీ యూరోపియన్ ఫెలోషిప్ అయితే ఒక నిబంధన గుర్తుపెట్టుకోండి, గడువు తేదీకి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకి మించి ఉండకూడదు. ముందు ప్రాజెక్టు జీతం మీద చేరి, అక్కడే ఉంటూ తర్వాత ఇది పెట్టుకుందాం అనుకునేవాళ్లకి ఈ నిబంధనే అడ్డుపడుతుంది. అందుకని రెండూ ఒకే దేశంలో అనుకుంటే ఫెలోషిప్ దరఖాస్తు ముందు, చేరడం తర్వాత.

ఫెలోషిప్ డబ్బు జీతంగా వస్తుందా, స్టైపెండ్‌గా వస్తుందా అన్నది చూసుకోండి. ఆరోగ్య బీమా, పెన్షన్, ప్రసూతి సెలవు అన్నీ దాన్నిబట్టే మారతాయి. ఒక ఏడాది ఇచ్చి తర్వాత పొడిగిస్తాం అనే కాంట్రాక్టు, నేరుగా రెండేళ్లు రాసిచ్చే కాంట్రాక్టు పక్కపక్కన ఉంటే, జీతం కాస్త తక్కువైనా రెండోదే తీసుకోండి. ఈ పనిలో మొదటి ఏడాది చివర చూపించడానికి చేతిలో అంకెలు ఉండవు, పొడిగింపు అడగాల్సింది సరిగ్గా అప్పుడే.

మనుషుల సంగతి. ఆ ల్యాబ్ నుంచి గత ఐదేళ్లలో బయటికెళ్లిన ఇద్దరు ముగ్గురితో ఫోన్‌లో మాట్లాడండి, మెయిల్‌లో అయితే ఎవరూ నిజం పూర్తిగా రాయరు. మొదటి రచయిత పేరు ఎలా నిర్ణయమవుతుంది, వెళ్లేటప్పుడు మిగిలిన శాంపిల్స్ తీసుకెళ్లనిస్తారా, ఓడ మీదికి పంపినవాళ్లకి ఒడ్డున ఏం పని దక్కింది అని అడగండి. అవతలివాళ్లు జవాబు చెప్పే ముందు తటపటాయిస్తే అది కూడా జవాబే.

ఇన్ని చూశాక కూడా రెండూ సమానంగా కనిపిస్తుంటే, వయసు తేలిన కోర్ ఉన్నవైపు వెళ్లండి. ఒకటి ఆఫర్ వచ్చి, రెండోది ఇంకా తేలకపోతే, ఆఫర్ ఇచ్చినవాళ్లని పది రోజులో రెండు వారాలో గడువు అడగడంలో తప్పులేదు, చాలామంది ఇస్తారు. అదే రోజు రెండో బృందానికి ఫలానా తేదీలోగా నేను జవాబు చెప్పాలి, అప్పటికి మీ నిర్ణయం తెలియజేయగలరా అని నేరుగా రాయండి. వద్దనుకున్నవాళ్లకి కూడా తేల్చుకున్న రోజే ఫోన్ చేసి చెప్పండి, ఎందుకంటే వాళ్లు జాబితాలో తర్వాతి మనిషిని పిలవాలి, మీరూ వాళ్లూ రేపు ఒకే కోర్‌కి శాంపిల్ రిక్వెస్ట్ పెట్టొచ్చు.